బందీ నోరు విప్పించడం గురించి సైన్స్ ఫిక్షన్ చెప్పేది, చట్టం చెప్పేది: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో లా విద్యార్థులకి యుద్ధ చట్టాలు చెప్పడం నా పని. జెనీవా ఒప్పందాలు అనగానే సగం క్లాసు ఫోన్లలో తల దూరుస్తుంది. అదే ‘స్టార్ ట్రెక్’లో కెప్టెన్‌ని బంధించి హింసించిన ఎపిసోడ్ గురించి అడగండి, వెనక బెంచీ కూడా లేచి వాదనకి దిగుతుంది. వాదించడం మంచిదే. కాకపోతే ఆ సీరియళ్ళ నుంచి కుర్రాళ్ళు మోసుకొచ్చే అపోహలు ఏటేటా అవే. కథలు కొంత బయటపడతాయి, చూడనివాళ్ళు చూసొచ్చి చదువుకోండి.

అపోహ: గట్టిగా నాలుగు తగిలిస్తే నిజం కక్కేస్తాడు.

వాస్తవం: మన సినిమాల్లో పోలీస్ స్టేషన్ సీన్ల నుంచి అంతరిక్ష నౌకల దాకా ఇదే నమ్మకం. ఎక్కడో బాంబు ఉంది, టైమ్ లేదు, వీడికి అన్నీ తెలుసు. ఈ మూడూ నిజమేనని రచయిత ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తాడు. అసలు గదిలో ప్రశ్నలడిగేవాడికి మాత్రం మూడింట్లో ఒక్కటీ ఖాయంగా తెలీదు.

‘బాటిల్‌స్టార్ గలాక్టికా’ మొదటి సీజన్‌లో ‘ఫ్లెష్ అండ్ బోన్’ అనే ఎపిసోడ్ ఉంది. లియోబెన్ అనే సైలాన్ దొరుకుతాడు. సైలాన్ అంటే చూడ్డానికి అచ్చం మనిషిలా ఉండే శత్రుయంత్రం. ఓడల్లో ఒకదాంట్లో అణుబాంబు పెట్టానంటాడు. స్టార్‌బక్ అనే పైలట్ వాడి తల బకెట్ నీళ్ళలో ముంచడం, బయటికి లాగడం, మళ్ళీ అదే ప్రశ్న అడగడం. చివరికి తేలిందేమిటంటే, బాంబే లేదు. ఆ ముక్క కూడా బకెట్ వల్ల బయటికి రాలేదు. అధ్యక్షురాలు రోజ్లిన్ వచ్చి, హింస ఆపించి, ప్రాణానికి అభయమిచ్చాక చెప్తాడు. చెప్పించుకున్నాక ఆవిడ వాణ్ణి ఎయిర్‌లాక్‌లోంచి శూన్యంలోకి తోయించేస్తుంది. క్లాసులో అందరూ బకెట్ గురించే కొట్టుకుంటారు. నాకు మాత్రం ఆ మాట తప్పడమే పెద్ద నేరం అనిపిస్తుంది. ఇకమీదట ఏ బందీ ఆవిడ మాట నమ్మి నోరు విప్పుతాడు?

‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’లో 1992 డిసెంబరులో వచ్చిన ‘చెయిన్ ఆఫ్ కమాండ్’ ఇంకో మెట్టు పైన ఉంటుంది. కార్డాసియన్ అనే శత్రుజాతి అధికారి మాడ్రెడ్ కెప్టెన్ పికార్డ్‌ని బట్టలూడదీయించి, చేతులు కట్టి వేలాడదీయిస్తాడు. వెలుగుతున్న లైట్లు నాలుగు. ఐదు అని ఒప్పుకో అంటాడు. మధ్యలో మాడ్రెడ్ కూతురు ఆ గదిలోకి వస్తుంది, చిన్నపిల్ల. మనుషులకి అమ్మానాన్నలు ఉంటారా అని తండ్రిని అడుగుతుంది. ఉంటారు కానీ మనం ప్రేమించినట్టు వాళ్ళు పిల్లల్ని ప్రేమించరు అని చెప్తాడు తండ్రి. హింసించేవాడు ఇంటికెళ్ళి పిల్లకి ఏం నేర్పుతాడో ఆ రెండు మాటల్లో ఉంది. చివర్లో పికార్డ్ ‘లైట్లు నాలుగే’ అని అరిచి బయటపడితే మావాళ్ళు విజిళ్ళు వేస్తారు. అక్కడితో ఆపేస్తే ఎపిసోడ్ సగమే చూసినట్టు. ఓడకి తిరిగొచ్చాక పికార్డ్ కౌన్సెలర్ దగ్గర ఒప్పుకుంటాడు, ఆఖరి క్షణంలో తనకి నిజంగానే ఐదు కనిపించాయని. హింస వల్ల వచ్చేది ఇదే. కొట్టేవాడికి కావలసిన సమాధానం వస్తుంది, ఒక్కోసారి బందీ దాన్ని నమ్మేస్తాడు కూడా.

ఇది మన చట్టానికి కొత్త సంగతేమీ కాదు. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లోనే రాశారు. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 23వ సెక్షన్. రాసింది మన మీద జాలితో కాదు, అలా వచ్చిన మాట పనికిరాదని తెల్లదొరలకీ తెలుసు కాబట్టి. సీఐఏ పద్ధతుల మీద 2014లో అమెరికా సెనేట్ కమిటీ ఇచ్చిన నివేదిక కూడా చివరికి అదే తేల్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళానికి పనిచేసిన హాన్స్ షార్ఫ్, పట్టుబడ్డ అమెరికన్ పైలట్లని అడవిలో షికారుకి తీసుకెళ్ళి కబుర్లలో పెట్టేవాడు. చెయ్యి చేసుకోకుండానే కావలసింది రాబట్టాడు. యుద్ధం అయ్యాక అమెరికా వైమానిక దళం వాళ్ళే పిలిచి ఆయన చేత పాఠాలు చెప్పించుకున్నారు.

అపోహ: శత్రువు మనిషే కానప్పుడు హక్కుల ప్రశ్నే లేదు.

వాస్తవం: ‘అదేటి మేష్టారూ, అది మెషీన్ కదా, దానికి హక్కులేటి?’ అని ఏటా ఒకడైనా అడుగుతాడు. ఒప్పుకుంటాను, జెనీవా ఒప్పందాలు మనుషుల కోసం రాసినవే. కానీ యుద్ధఖైదీల గురించి చెప్పే మూడో ఒప్పందం 5వ అధికరణం చూడండి. పట్టుబడ్డవాడు ఏ కోవకి వస్తాడో అనుమానం ఉంటే, సరైన ట్రిబ్యునల్ తేల్చేదాకా యుద్ధఖైదీకి ఇచ్చే రక్షణంతా ఇవ్వాలి. అనుమానం వస్తే రక్షణ వైపే మొగ్గాలి. సీరియళ్ళలో దీనికి పూర్తిగా తలకిందులు: అనుమానం వస్తే ముందు ఎయిర్‌లాక్.

‘స్టార్‌గేట్ అట్లాంటిస్’లో మైకేల్ కథ చూసినవాళ్ళకి ఇది బాగా ఎక్కుతుంది. రెయిత్ జాతి బందీకి మందు ఎక్కించి మనిషిగా మార్చేస్తారు. నువ్వు మొదట్నుంచీ మనిషివే, జ్ఞాపకం పోయింది అంతే అని అబద్ధం చెప్తారు. చేసింది హీరోలే. 13వ అధికరణం ప్రకారం, బందీ వైద్యానికి అవసరం కాని ఏ వైద్య ప్రయోగమూ అతని మీద చేయకూడదు. అందుకే వాడు నిజం తెలిసి ఎదురు తిరిగినప్పుడు నాకు వాడి మీద కోపం రాదు.

అపోహ: వాళ్ళు నియమాలు పాటించనప్పుడు మనకెందుకు?

వాస్తవం: బందీల మీద ప్రతీకారం తీర్చుకోవడాన్ని అదే 13వ అధికరణం నిషేధించింది. అవతలివాడు ఎలాంటివాడన్నది అక్కడ లెక్కలోకే రాదు. ఇందులో దయ కంటే లెక్క ఎక్కువ. మా పక్క జిల్లా చరిత్రే తీసుకోండి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోతుంటే లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళని, పిల్లల్ని తామే చంపుకున్నారు. చేతికి చిక్కితే ఏ గతి పడుతుందోనన్న భయం అది. రోజులు తిరక్కుండానే తాండ్ర పాపారాయుడు, దండెత్తి వచ్చిన విజయనగరం రాజు విజయరామరాజుని ఆయన గుడారంలోనే పొడిచి చంపాడు. లొంగినా దిక్కుండదని నమ్మేవాడు లొంగడు, ఆఖరి మనిషి దాకా పోరాడతాడు. గెలిచే సైన్యానికి కూడా అది నష్టమే.

‘నెక్స్ట్ జనరేషన్’లోనే ‘ఐ, బోర్గ్’ అనే ఎపిసోడ్‌లో పికార్డ్ ముందున్న చిక్కు ఇంకా ఘోరం. బోర్గ్ అంటే సగం మనిషి, సగం యంత్రంలా ఉండి, బుర్రలన్నీ ఒకదానికొకటి కలిసిపోయిన శత్రుజాతి. దొరికిన బోర్గ్ కుర్రాడి బుర్రలో పరిష్కారం లేని పజిల్ ఒకటి పెట్టి పంపిస్తే ఆ జాతి మొత్తం నాశనం. పికార్డ్ ఆ పని చెయ్యడు, ఊరికే పంపేస్తాడు. తర్వాతెప్పుడో వచ్చిన ఇంకో కథలో పై అధికారిణి దీని గురించే అతన్ని చెడామడా తిడుతుంది. మంచి పనికి బహుమతి ఇవ్వకపోవడం ఆ సీరియల్‌లో నాకు నచ్చిన విషయం.

అపోహ: యుద్ధఖైదీ పేరు, హోదా, నంబరు తప్ప ఏం మాట్లాడినా ద్రోహమే.

వాస్తవం: 17వ అధికరణం చెప్పేది కనీసం చెప్పి తీరవలసింది ఎంత అన్నదే. పేరు, హోదా, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు. మిగతాది చెప్పమని ఒత్తిడి చేయకూడదు. 2019 ఫిబ్రవరిలో వింగ్ కమాండర్ అభినందన్ వీడియోలు వాట్సాప్‌లో తిరిగినప్పుడు అందరూ ఆయన ధైర్యం చూశారు, బాగానే ఉంది. బందీని జనం వింతగా చూసేలా పెట్టకూడదన్న నియమం అక్కడ తప్పిందని చాలామందికి తట్టలేదు.

అపోహ: శత్రుదేశం చేతిలో పడ్డవాడల్లా యుద్ధఖైదీ.

వాస్తవం: కాదు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కిన మన మత్స్యకారులు సామాన్య పౌరులు. వాళ్ళకి జెనీవా మూడో ఒప్పందం వర్తించదు. అక్కరకొచ్చేది 2008 నాటి కాన్సులర్ ఒప్పందం. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మనవాళ్ళు 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. జాబితాలో పేరుందా లేదా అని ఎదురుచూడ్డం ఎంత టెన్షనో మా జిల్లాలోని వాళ్ళ ఊరు డి.మత్స్యలేశం వెళ్ళి అడగండి.

అపోహ: యుద్ధం ఆగితే బందీల గొడవ తీరిపోతుంది.

వాస్తవం: పోరు ఆగిన వెంటనే పంపేయాలని 118వ అధికరణం. 1971 డిసెంబరులో మనకి చిక్కిన దాదాపు 93,000 మందిలో ఆఖరివాళ్ళు వెళ్ళింది 1974లో. 195 మందిని యుద్ధ నేరాలకి విచారించాలని బంగ్లాదేశ్ పట్టుబట్టడం ఒక కారణం. చివరికి వాళ్ళనీ పంపేశారు. న్యాయం జరిగిందా అంటే నా క్లాసు ఇప్పటికీ రెండుగా చీలుతుంది.

ఏది ముందు చూడాలి అని అడిగేవాళ్ళకి: ‘డీప్ స్పేస్ నైన్’లో 1993 నాటి ‘డ్యూయెట్’. యుద్ధ నేరస్తుడని అనుమానించిన ఒక ముసలాయన, అతన్ని ప్రశ్నించే మేజర్ కీరా. ఆమె జాతి ఆ ముసలాయన జాతివాళ్ళ చేతుల్లో చిత్రహింసలు పడ్డదే. అయినా దెబ్బ వెయ్యకుండా పాత రికార్డులు, ఫోటో తిరగేసి అసలు సంగతి తేలుస్తుంది. సీన్లు చాలామటుకు ఒకే గదిలో, ఫైట్లు లేవు, కాబట్టి మొదటి పది నిమిషాలు ఓపిక పట్టండి.