నారింజ జుట్టూ, పలచని డికాక్షనూ

జుట్టు రంగు డబ్బా మీద ‘యాష్ బ్రౌన్’ (బూడిద ఛాయ గోధుమ) అని ఉంది. వేసుకుని, అరగంట ఆగి, తల కడిగి అద్దంలో చూసుకుంటే కుదుళ్ళ దగ్గర కమలాపండు తొక్క రంగు, చివర్లు మాత్రం ఎప్పటి నలుపే. ఇంట్లో రంగు వేసుకునేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇదే: డబ్బాలో లేని నారింజ తలలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అది మీ జుట్టులో ఎప్పుడూ ఉన్నదే. చూడాలంటే వంటింట్లోకి నడవండి. చిక్కటి డికాక్షన్ రెండు చెంచాలు గాజు గ్లాసులో పోయండి. నల్లగా ఉంటుంది. కొద్దికొద్దిగా నీళ్ళు కలుపుతూ కిటికీ వెలుతురుకి ఎత్తి చూడండి. నలుపు కాస్తా ముదురు ఎరుపవుతుంది, తర్వాత ఇటుక రంగు, తర్వాత నారింజ, ఆఖరికి లేత పసుపు. మీరు కలిపింది నీళ్ళే.

దీని వెనక లెక్క చిన్నదే. ఒక పొర డికాక్షన్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు తలా 100 పడితే 50, 25, 10 బయటికొస్తాయనుకోండి (లెక్క కోసం అనుకున్న అంకెలు). నాలుగు పొరలు పేరిస్తే 6, 0.4, 0.01. కంటికి దాదాపు నలుపే. అదే అర పొర అయితే 71, 50, 32. అంటే నారింజ. పదో వంతు పొర అయితే 93, 87, 79. అంటే లేత పసుపు. పదార్థం ఒకటే, మందం మారిందంతే. దీన్నే బీర్–లాంబర్ట్ నియమం అంటారు. డిగ్రీ కెమిస్ట్రీలో దీన్ని సూత్రంగా బట్టీ పట్టిస్తారు గానీ, పక్కనే పొగలు కక్కుతున్న కాఫీ కప్పు వైపు ఎవరూ వేలు చూపించరు.

వెంట్రుకకి రంగునిచ్చే మెలనిన్ కూడా నీలం కాంతిని ఎక్కువగా, ఎరుపుని తక్కువగా మింగుతుంది. అమ్మోనియా వెంట్రుక పైపొలుసుల్ని ఉబ్బించి దారి ఇస్తుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపలికెళ్ళి మెలనిన్‌ని విరగ్గొడుతుంది. డికాక్షన్‌లో నీళ్ళు కలిపినట్టే. సెలూన్లలో జుట్టు ముదురుతనాన్ని 1 (నలుపు) నుంచి 10 (అతి లేత బ్లాండ్) దాకా కొలుస్తారు. మనవాళ్ళ జుట్టు ఎక్కువగా 1–3 మధ్య ఉంటుంది. పలచనవుతున్న కొద్దీ 4 దగ్గర ఎరుపు, 5 దగ్గర ఎర్ర నారింజ, 6 దగ్గర నారింజ, 7 దగ్గర పసుపు నారింజ, 8 నుంచి పసుపు బయటపడతాయి. డబ్బాలో సాధారణంగా వచ్చే 6% పెరాక్సైడ్ (దుకాణం భాషలో 20 వాల్యూమ్) ఒకటి రెండు మెట్లకు మించి ఎక్కించలేదు. 3 మీద మొదలుపెట్టినవాళ్ళు సరిగ్గా ఎర్ర నారింజ దగ్గర దిగబడతారు. పైగా కుదుళ్ళకి తల వేడి తగులుతుంది కాబట్టి అక్కడ పని త్వరగా అవుతుంది. పాత రంగు పట్టి ఉన్న చివర్లను కొత్త రంగు తేలిక చేయలేదు. అందుకే పైన నారింజ, కింద నలుపు.

ఇక విరుగుడు. తెల్లచొక్కా పసుపెక్కితే ఆఖరి జాడింపులో నీలం వేస్తాం కదా, సూత్రం అదే. మన అర పొర నారింజ (71, 50, 32) మీద ఎరుపులో 40 శాతాన్ని, ఆకుపచ్చలో 60ని, నీలంలో 95ని పోనిచ్చే నీలి రంగు వేస్తే 28, 30, 30 మిగులుతాయి. మూడూ ఇంచుమించు సమానం. నారింజ చచ్చిపోయింది. అయితే మొత్తం వెలుతురు కూడా తగ్గింది చూడండి. టోనింగ్ (ఇలా ఎదురు ఛాయ వేసి రంగు సరిచేయడం) తర్వాత జుట్టు కాస్త ముదరడం తప్పదు. (చొక్కాకి పెట్టే నీలాన్నే తలకి పట్టించేరు. అది గుడ్డ కోసం చేసినది, నెత్తికి కాదు.)

నారింజకి విరుగుడు నీలం, పసుపుకి ఊదా. ‘పర్పుల్ షాంపూ’ తెచ్చి నారింజ జుట్టుకి నెలల తరబడి రుద్ది ‘ఏం లాభం లేదు’ అనేవాళ్ళు తప్పు సీసా కొన్నారన్నమాట. బ్లూ షాంపూ కావాలి. వీటిలో తరచూ ఉండే బేసిక్ బ్లూ 99 ధనావేశం ఉన్న రంగు. పెరాక్సైడ్ దెబ్బ తిన్న వెంట్రుకలో సల్ఫోనిక్ ఆమ్ల గుంపులు, అంటే రుణావేశాలు, పెరుగుతాయి. అందుకే రంగు దెబ్బతిన్నచోటే ఎక్కువగా అతుక్కుంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు, 3–5 నిమిషాలు, చేతికి తొడుగులతో. లేత పసుపు జుట్టు మీద అదే నీలం పడితే ఆకుపచ్చ ఛాయ తేలుతుంది.

షాంపూకి లొంగని నారింజకి డెమీ పర్మనెంట్ టోనర్ (తలంట్లకి నెమ్మదిగా వదిలిపోయే, ఛాయ సరిచేసే రంగు) వాడాలి. ముందు జుట్టు పూర్తిగా ఆరాక పగటి వెలుతురులో మెట్టు అంచనా వేయండి. తడి జుట్టు మోసం చేస్తుంది. 6 మీద ఉంటే 6.1 లేదా 5.1 తీసుకోండి. చుక్క ముందు అంకె మెట్టు, తర్వాతది ఛాయ. చాలా కంపెనీల్లో 1 అంటే యాష్, అంటే నీలం వైపు. డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రావణం) 2% లోపు ఉండాలి. భుజాల దాకా ఉన్న జుట్టుకి 60 గ్రాముల రంగు సరిపోతుంది, డెవలపర్ పాళ్ళు ప్యాకెట్ చెప్పినట్టు (1:1 లేదా 1:2). 48 గంటల ముందే చెవి వెనక చర్మం మీద పరీక్ష, తర్వాత ఒక పాయ మీద పరీక్ష చేయండి. తువ్వాలుతో ఒత్తిన తడి జుట్టుకి, ఎక్కువ నారింజ ఉన్నచోట మొదలుపెట్టి రాయండి. ప్రతి 5 నిమిషాలకి ఒక పాయ తుడిచి చూస్తుండండి. సాధారణంగా 20 నిమిషాల లోపే అయిపోతుంది.

ఎక్కువమంది బోర్లాపడేది డెవలపర్ దగ్గరే. ‘యాష్ రంగే కదా’ అని మళ్ళీ 20 వాల్యూమ్‌తో వేస్తారు. మొదటి రోజు బాగుంటుంది. కానీ ఆ పెరాక్సైడ్ మిగిలిన మెలనిన్‌ని ఇంకాస్త పలచన చేసి పోయింది. కొన్ని తలంట్లకి నీలం కడుక్కుపోతుంది, కింద నుంచి ఇంతకు ముందుకన్నా ప్రకాశంగా నారింజ బయటికొస్తుంది. డికాక్షన్‌లో నీలి చుక్కతో పాటు ఇంకో గ్లాసు నీళ్ళు పోసినట్టు. నిమ్మరసం రాసి ఎండలో కూర్చోవడం కూడా ఈ బాపతే. వెనిగర్ మెరుపునిస్తుంది గానీ నారింజని తీయదు.

అన్నట్టు, రంగు వేస్తే మిగతా జుట్టు కూడా తెల్లబడుతుందన్న భయం ఇంకా పోలేదు. రంగు పట్టేది బయట ఉన్న నిర్జీవమైన వెంట్రుకకి. తెల్లబడటం నిర్ణయమయ్యేది చర్మం కింద కుదురులో.

తెల్లజుట్టు మీద గోరింటాకు నారింజ మాత్రం వేరే జాతి. అక్కడ మెలనిన్ ఉండదు. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని నారింజని తెచ్చిపెడుతుంది. విరుగుడు మాత్రం మళ్ళీ నీలమే, అదీ మన కడప జిల్లాలో ఒకప్పుడు విస్తారంగా పండించిన నీలిమొక్క. హెన్నా కడిగాక, 100 గ్రాముల నీలిఆకు పొడిని గోరువెచ్చని నీళ్ళతో పెరుగంత చిక్కగా కలిపి, చిటికెడు ఉప్పు వేసి 15 నిమిషాలు ఉంచండి. నిమ్మరసం, పెరుగు కలపొద్దు, పులుపు పడితే నీలం సరిగా రాదు. ఆ 15 నిమిషాలు అయ్యాక ఆలస్యం చేయకుండా పట్టించి, గంట ఆగి షాంపూ లేకుండా కడగాలి. బ్లీచ్ చేసిన జుట్టుకి ఇది వద్దు, ఆకుపచ్చగా మారితే వదిలించడం కష్టం. ‘బ్లాక్ హెన్నా’ ప్యాకెట్‌లో చాలాసార్లు ఉండేది పీపీడీ అనే, కొందరికి అలర్జీ తెచ్చే రంగు రసాయనం, వెనక సన్నని అక్షరాలు చదవండి. కడిగిన రోజు తెల్లవెంట్రుకలు కాస్త ఆకుపచ్చగా కనిపించవచ్చు. కంగారుపడి మళ్ళీ తలంటుకోకండి. గాలి తగిలి రంగు ముదరడానికి రెండు రోజులు పడుతుంది.