రిపోర్టులో ఆ '25' ఎక్కడిది?

కాళ్లు లాగుతున్నాయనో, ఒంట్లో నీరసమనో డాక్టర్ దగ్గరికి వెళితే ఈమధ్య రాసే రక్తపరీక్షల్లో విటమిన్ డి తరచూ ఉంటోంది. రిపోర్టు చేతికొచ్చాక చూస్తే ఉత్త 'విటమిన్ డి' అని కాకుండా '25-హైడ్రాక్సీ విటమిన్ డి' అని కనిపిస్తుంది. తక్కువుందని తేలితే వారానికో 60కె (అంటే 60 వేల యూనిట్ల విటమిన్ డి) సాచెట్ పాలల్లో కలుపుకుని తాగమంటారు. అదే ఇంట్లో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లుంటే వాళ్లకి చాలాసార్లు రాసే మందు వేరు. దాని పేరు కాల్సిట్రియాల్. రిపోర్టులోని ఆ 25కీ, ఈ మందుకీ మూలాలు వెతుక్కుంటూ పోతే అమెరికాలోని మాడిసన్‌లో, విస్కాన్సిన్ యూనివర్సిటీలో తేలతాం. అక్కడి బయోకెమిస్టు హెక్టర్ డెలూకా దగ్గర.

ఆయనకంటే ముందు ఆయన గురువు హ్యారీ స్టీన్‌బాక్ కథ చెప్పుకోవాలి. 1919లో బ్రిటన్‌లో ఎడ్వర్డ్ మెలన్బీ కుక్కపిల్లలను ఎండ తగలకుండా లోపలే ఉంచి, ఓట్స్ పెట్టి పెంచారు. వాటికి రికెట్స్ వచ్చింది, అంటే పిల్లలకు ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు వచ్చే జబ్బు. కాడ్ చేప కాలేయపు నూనె పోస్తే తగ్గింది. అదే ఏడు బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టర్ చుక్క నూనె పోయకుండా, అతినీలలోహిత దీపం కింద పిల్లలను ఉంచి అదే జబ్బు నయం చేశారు. నూనెకీ వెలుతురుకీ ఏమిటి సంబంధం? ఆ ముడిని చాలావరకు విప్పినవాడు మాడిసన్‌లోని స్టీన్‌బాకే. ఆ వెలుతురు తిండి మీద పడినా చాలు, తిండికే రికెట్స్ తగ్గించే గుణం వస్తుందని 1924లో ఆయన చూపించారు.

స్టీన్‌బాక్ 300 డాలర్లు జేబులోంచి పెట్టుకుని పేటెంట్‌కి అర్జీ పెట్టారు. క్వేకర్ ఓట్స్ కంపెనీ పెద్ద మొత్తం ఇస్తామన్నా అమ్ముకోలేదు. ఆ హక్కులు చూసుకోవడానికే 1925లో వార్ఫ్ అనే ఫౌండేషన్ పుట్టింది. గుండె జబ్బులవాళ్లు వాడే వార్ఫరిన్ మాత్ర పేరులో ఉన్నది కూడా ఈ వార్ఫే. అయితే అంతా ధర్మకార్యమేమీ కాదు. విస్కాన్సిన్ పాడి రాష్ట్రం. వెన్నకి పోటీ అని మార్జరిన్ (నూనెలతో చేసే వెన్నలాంటి పదార్థం) కంపెనీలకు లైసెన్సు ఇవ్వలేదు. పేదవాళ్లు తినేది మార్జరినే కదా! 1940ల్లో కోర్టు ఆ పేటెంట్‌ను కొట్టేసింది. ఈలోగా వచ్చిన డబ్బు మాత్రం యూనివర్సిటీ పరిశోధనలకు చేరింది.

స్టీన్‌బాక్ శిష్యుడిగా డెలూకా 1955లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. విటమిన్ డి నేరుగా పేగుకీ ఎముకకీ వెళ్లి పనిచేస్తుందని అప్పట్లో అందరి నమ్మకం. కానీ చిక్కొకటి ఉంది. డోసు ఇచ్చాక పేగు కాల్షియం పీల్చుకోవడం పెరగడానికి గంటలు పడుతోంది. ఆ గంటల్లో ఒంట్లో ఏం జరుగుతోంది? ఆయన పనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. శరీరానికి కావలసింది మైక్రోగ్రాముల్లో, దాని జాడ పట్టుకోవడం మామూలు విషయం కాదు. అందుకే రేడియోధార్మిక విటమిన్‌ను ల్యాబ్‌లో తయారుచేసుకుని జంతువులకిచ్చి వెంటపడ్డారు. 1968లో పంది రక్తంలోంచి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశారు. విటమిన్ డి3 అణువులో 27 కార్బన్లుంటాయి. అందులో 25వ దానికి కాలేయం ఒక హైడ్రాక్సిల్‌ని, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటని, తగిలిస్తుంది. రిపోర్టులో కనిపించే 25 అదే.

అక్కడితో అయిపోలేదు. ఇంకో మెట్టు కిడ్నీలో ఉందని 1970లో కేంబ్రిడ్జ్‌లో ఫ్రేజర్, కోడిచెక్ తేల్చారు. 1971లో డెలూకా బృందం వెయ్యికి పైగా కోళ్ల పేగుల్లోంచి అతి స్వల్పంగా ఆ చివరి పదార్థాన్ని తీసి దాని నిర్మాణం చెప్పింది. ఒకటో కార్బన్‌కి కూడా హైడ్రాక్సిల్ తగిలి ఉంది. దాన్నే కాల్సిట్రియాల్ అంటున్నాం. ఆ పని చేసిన విద్యార్థి మైకేల్ హోలిక్. అదే సమయంలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఆంథొనీ నార్మన్ బృందం, కేంబ్రిడ్జ్ వాళ్లు కూడా అక్కడికే చేరారు. కాబట్టి కిరీటం ఒక్కరికే పెట్టడం నాకు సబబు అనిపించదు. కానీ 25 నుంచి మందుబిళ్ల దాకా మొత్తం దారిని లాక్కొచ్చింది మాత్రం డెలూకాయే.

దీంతో విటమిన్ అన్న పేరే తప్పు అన్నంత పనైంది. రక్తంలో కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ గ్రంథి హార్మోన్ పంపుతుంది, కిడ్నీ కాల్సిట్రియాల్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, అది పేగులో పనిచేస్తుంది. ఒకచోట తయారై మరోచోట పనిచేసేదాన్ని హార్మోన్ అనకపోతే ఏమంటాం?

కిడ్నీలు పాడైతే ఈ గొలుసు తెగుతుంది. పారాథైరాయిడ్ ఊరుకోకుండా ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది. డయాలసిస్ మీదున్నవాళ్ల ఎముకలు గుల్లబారడం వెనక ఇదొక కారణం. అమెరికాలో 1978లో కాల్సిట్రియాల్‌ని మందుగా అనుమతించారు. పారాథైరాయిడ్‌ని అణచుతూనే కాల్షియంని అంతగా పెంచని పారికాల్సిటాల్ కూడా డెలూకా ల్యాబ్‌లోంచే వచ్చింది, 1998లో.

మరి పరీక్ష కాల్సిట్రియాల్‌కి కాకుండా 25కే ఎందుకు? కాల్సిట్రియాల్ గంటల్లో కరిగిపోతుంది. పైగా ఒంట్లో నిల్వలు అడుగంటుతున్నా శరీరం దాన్ని మామూలు స్థాయిలోనే చూపిస్తుంది. 25-హైడ్రాక్సీ విటమిన్ డి అయితే వారాల తరబడి రక్తంలో ఉంటుంది, నిల్వ ఎంతో అదే చెబుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట, కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టుకున్న దగ్గర, ఈ తేడా మందుల చీటీలోనే తెలుస్తుంది. 60కె సాచెట్‌లో ఉండేది 1.5 మిల్లీగ్రాముల విటమిన్. దాంతో రిపోర్టులో 25 పెరగొచ్చు, కానీ చివరి మెట్టు ఎక్కించాల్సిన కిడ్నీ దాన్ని సరిపడా మార్చలేదు. కాల్సిట్రియాల్ చిన్న బిళ్లలో ఉండేది 0.25 మైక్రోగ్రాములే, సాచెట్‌లో ఉన్నదానికి ఆరువేలో వంతు.