చీనీ కాయ ప్రయాణం

చెట్టు నుంచి కోసిన తరువాత కూడా చీనీ (బత్తాయి) కాయ శ్వాసిస్తూనే ఉంటుంది. తనలోని చక్కెరను ఖర్చు చేసుకుంటూ, తొక్క గుండా తేమను వదులుతూ బరువు తగ్గుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ శ్వాసక్రియ రెండు మూడు రెట్లు వేగం పుంజుకుంటుంది. అనంతపురం మార్కెట్ యార్డులో మధ్యాహ్నపు ఎండలో కుప్ప పోసిన కాయను చేతిలోకి తీసుకుంటే, ఎండ తగిలిన వైపు తొక్క వెచ్చగా, కాస్త మెత్తగా తగులుతుంది. కనుక చీనీ కాయను అంత దూరం పంపి అమ్ముకునే రైతుకు ఢిల్లీ ఎన్ని కిలోమీటర్లన్నది కాదు, ఎన్ని గంటలన్నదే లెక్క. 2020 సెప్టెంబరులో దక్షిణ భారతదేశపు తొలి కిసాన్ రైలు (రైతుల పంటను మోసే ప్రత్యేక రైలు) అనంతపురం నుంచే, 2,000 కిలోమీటర్లకు పైబడిన ఢిల్లీ దూరాన్ని సుమారు 40 గంటల్లో చేరే అంచనాతో బయలుదేరింది.

ఉక్కు పట్టా మీద రైలు ఉక్కు చక్రం దాదాపుగా నొక్కుకుపోదు. లారీ టైరు మాత్రం నేలకు ఆనిన చోట చదునై, మళ్లీ గుండ్రమవుతూ, ఆ క్రమంలో ఇంధనశక్తిని కొంత వేడిగా పోగొడుతుంది. గుత్తి దగ్గర దాబా ముందు ఆగిన లారీ టైరు మీద చెయ్యి పెడితే ఆ నష్టం అరచేతికే తెలుస్తుంది. లీటరు డీజిల్ బరువు కిలో కన్నా తక్కువే అయినా, మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకొని సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అయినా తోట గట్టు దాకా వచ్చేది లారీయే.

లారీ బరువుకు రోడ్డు చెల్లించే మూల్యం మరీ విచిత్రమైనది. అమెరికాలో 1958–60 మధ్య జరిపిన పరీక్షలను బట్టి, ఇరుసు మీది బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే నష్టం రెండు రెట్లు కాదు, సుమారు 16 రెట్లు. బేతంచెర్ల నాపరాళ్లను పరిమితికి మించి ఎత్తుకుపోయే లారీ ఒక్కటి, ఎన్నో వేల ఆటోలు చేయలేని గుంతలు చేస్తుంది. కిరాయి లాభం ఒకరిది, గుంతలో పడే సైకిలు మరొకరిది.

వేగం సంగతీ అంతే. కర్నూలు, అనంతపురాల మీదుగా బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి ప్రయాణాన్ని బాగా తగ్గించిన మాట నిజం. ప్రాణాపాయంలో ఉన్నవాణ్ణి సమయానికి పెద్దాసుపత్రికి చేర్చేదీ అదే. కానీ వేగం 60 నుంచి 90కి పెరిగితే గతిశక్తి రెండుంబావు రెట్లవుతుంది, బ్రేకు వేశాక జారే దూరమూ అదే లెక్కన పెరుగుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి.

రోడ్డుకు ఒకవైపు ఊరు, మరోవైపు చేలు ఉన్న చోట అండర్‌పాస్ కిలోమీటరు దూరంలో ఉంటే, వానకు అందులో మోకాటి లోతు నీళ్లు నిలిస్తే, బుడ్డల (వేరుశనగ) కట్టె నెత్తిన పెట్టుకున్న మనిషి డివైడరు దగ్గర విరిగిన రెయిలింగు సందులోంచే దాటుతాడు.