పోటీవాళ్ళకే మన కిటుకులు చెప్తామా, తాతా?

నల్లగొండ,
ఆదివారం రాత్రి

అమ్మూ, చిన్నూ, ఇంకా మీ అపార్ట్‌మెంట్‌లో మీ వెనకాలే తిరిగే ఆ నలుగురు పిల్లలకూ,

మొన్న ఫోన్‌లో అమ్ము ఒక ప్రశ్న అడిగింది. "తాతా, ఆ తోటకొచ్చేవాళ్ళందరూ కుక్కపిల్లల్ని అమ్మేవాళ్ళేగా, అంటే నీకు పోటీయేగా, మరి నీకు తెలిసినవన్నీ వాళ్ళకెందుకు చెప్తావ్?" నేను నవ్వేసి ఫోన్ మీ అమ్మకిచ్చాను గానీ ఆ ప్రశ్న మాత్రం పోలేదు. నిజమే కదా, మన క్లాక్‌టవర్ దగ్గర బజ్జీల బండాయన పిండిలో ఏం కలుపుతాడో పక్క బండివాడికి చచ్చినా చెప్పడు. మరి మేమెందుకు గంటలు గంటలు కూర్చొని చెప్పుకుంటాం? ఫోన్‌లో తెగే ముచ్చట కాదు, అందుకే రాస్తున్నా. చిన్నూకు చదవడం కష్టమైతే అమ్మూ నువ్వు చదివి వినిపించు.

ముందు ఒకటి. మీరనుకునేట్టు అది డాగ్ షో కాదు. కప్పులుండవు, మైకుండదు. పానగల్లు దాటాక మా దోస్తు బత్తాయి తోటలో, చలికాలం ఆదివారాల్లో పొద్దున్నే పదిహేను ఇరవై మందిమి చేరతాం. దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, అటు కల్వకుర్తి, జడ్చర్ల నుంచి కూడా వస్తారు. ఫ్లాస్కుల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, ఎవరో ఒకరింటి నుంచి జొన్నరొట్టెలు. సగం సేపు కుక్కల మాటే ఉండదు, కూతురి పెళ్ళి, ఎండిన బోరు, పెరిగిన దాణా ధర, ఇవే. ఎండాకాలం మాత్రం కలవం. మన మే నెల ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది, కుక్కకేమో మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, అరిపాదాల్లో కాస్త పడుతుందంతే, ఒంట్లో వేడిని నాలుక బయటపెట్టి రొప్పి రొప్పే పోగొట్టుకోవాలి. ముక్కు చప్పిడిగా ఉండే పగ్గులకైతే ఆ రొప్పడం కూడా సరిగ్గా చేతకాదు, పాపం.

పిల్లల్ని తీసుకురాకూడదన్నది మా దగ్గరున్న ఒకే ఒక్క గట్టి రూలు. కుక్కపిల్లల్ని అంటున్నా, మీరు రావచ్చు. కారణం పార్వో అనే వైరస్. 1978లో ఇది మొదటిసారి బయటపడి రెండేళ్ళలో ప్రపంచమంతా పాకింది. వాంతులు, రక్త విరేచనాలు, టీకా పడని పిల్లయితే రెండు మూడు రోజుల్లోనే చేతిలోంచి జారిపోతుంది. మట్టిలో నెలల తరబడి, ఒక్కోచోట ఏడాది దాకా కూడా బతుకుతుంది, మన చెప్పులకంటుకొని ఇంట్లోకొస్తుంది. అందుకే గేటు దగ్గర బ్లీచింగ్ కలిపిన నీళ్ళ టబ్బు పెడతాం, ఎంత పెద్దమనిషైనా చెప్పులు అందులో ముంచి రావాల్సిందే. ఫినాయిల్‌ను నమ్ముకుంటే లాభం లేదు. ఈ ఒక్క ముక్క ఆ తోటలోనే ఎవరో చెబితే తెలిసింది నాకు. అంతకుముందు షెడ్డును ఫినాయిల్‌తో తళతళలాడేట్టు కడిగి, అదే షెడ్డులో వరసగా రెండు ఈతల పిల్లల్ని పోగొట్టుకున్నవాణ్ణి.

మిర్యాలగూడ నుంచి ఒక చెల్లె వస్తుంది, రైసుమిల్లులో లెక్కలు రాస్తుంది. ఆమె నోటుపుస్తకం మీకొకసారి చూపించాలి. కుక్క ఈనగానే ఒక్కో పిల్ల మెడకు ఒక్కో రంగు ఊలుదారం వదులుగా కడుతుంది. వంటింటి కాటా మీద స్టీలు గిన్నె, అందులో పాతగుడ్డ, గుడ్డ మీద పిల్ల. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎర్రదారం: 380, 402, 398. ఆ 398 కింద గీత ఉంటుంది. రోజూ పెరగాల్సిన తూకం నాలుగు గ్రాములు తగ్గిందంటే ఏదో జరుగుతోందన్నమాట. పిల్ల ఏడవడానికంటే ముందే, పాలు మానేయడానికంటే ముందే కాటా చెప్పేస్తుంది. బాగున్న పిల్ల ఎనిమిది పది రోజుల్లో పుట్టిన బరువుకు రెండింతలవుతుంది. తల్లి ఎప్పుడు ఈనుతుందో కూడా ఆమె థర్మామీటర్‌తో పట్టేస్తుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101, 102 ఫారన్‌హీట్ దగ్గరుంటుంది, జత కట్టిన 63 రోజులకు అటూ ఇటూగా అది 99 కంటే కిందికి పడిందంటే ఇక ఒక రోజులోపే. నేను అప్పటిదాకా వారం రోజులు షెడ్డులోనే మంచమేసుకొని కాపలా కాసేవాణ్ణి. మీ నానమ్మ ఆ చెల్లెకు ఇప్పటికీ దండం పెడుతుంది.

ఇక అసలు సంగతి. రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మన రాజు తెలుసు కదా మీకు, ఆ పసుపు లాబ్రడార్. మంచి తల, మంచి గుణం, చంటిపిల్లలు చెవులు లాగినా ఊరుకునేవాడు. చుట్టుపక్కల ఎవరి ఆడకుక్క ఎదకొచ్చినా రాజు దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఒకరోజు సూర్యాపేట నుంచి ఫోన్. నా దగ్గర తీసుకున్న కుక్క, నాలుగేళ్ళది, పగలు బాగానే ఉంటుందట, చీకటి పడితే మంచం కోడుకు గుద్దుకుంటోందట. "వయసు మీద పడుతోందేమో, చుక్కల మందు వేయించండి" అన్నాను. నాలుగేళ్ళ కుక్కకు వయసేంటి, నాకు తెలియదా? అయినా అన్నాను.

తర్వాతి ఆదివారం తోటలో జడ్చర్లాయన మాట తెచ్చాడు. "మా దానికి రాత్రయితే గడప దిగడానికి జంకు. ముందుకాలు గాల్లో పెట్టి తడుముకుంటుంది. మీలో ఎవరైనా ఇట్లాంటిది చూశారా?" అని. అదీ రాజు కూతురే. ఆయన నన్ను అనుమానించలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. నా చేతిలో చాయ్ గ్లాసుంది, అందులో మీగడ కట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. నోరు విప్పలేదు. అక్కడితో ఆగినా బాగుండేది, ఆ నెలలోనే రాజును ఇంకోచోటికి పంపాను కూడా, డబ్బులు తీసుకున్నాను.

పైనెల చెప్పేశాను. తిడతారనుకున్నా, ఎవరూ తిట్టలేదు. మిర్యాలగూడ చెల్లె పుస్తకంలో కొత్త పేజీ తీసి, ఎవరి కుక్క తల్లెవరు, తండ్రెవరు అని అడుగుతూ గీతలు గీస్తూ పోయింది. పేజీ నిండేసరికి సగం గీతలు రాజు దగ్గరికే వచ్చి ఆగాయి. జడ్చర్లాయన ఆడకుక్క తల్లి కూడా మా షెడ్డులో పుట్టిందే. అంటే దగ్గర చుట్టాలనే మళ్ళీ మళ్ళీ జత చేశామన్నమాట, ఎవరికీ తెలియకుండా, ఎవరి ఇంట్లో వాళ్ళం.

ఆ జబ్బును పీఆర్‌ఏ అంటారు. కంటి వెనక ఉండే రెటీనా పొర మెల్లమెల్లగా పాడైపోతుంది. ముందు రాత్రి చూపు, తర్వాత పగటి చూపు. నొప్పి ఉండదు, మందూ లేదు. అన్నిటికంటే చెడ్డ సంగతేంటంటే లాబ్రడార్లలో ఇది చాలాసార్లు మూడు నాలుగేళ్ళు దాటాకే బయటపడుతుంది, అప్పటికి ఆ కుక్క తల్లో తండ్రో అయిపోయి ఉంటుంది.

తండ్రికి చూపు బాగుంది, తల్లికీ బాగుంది, మరి పిల్లకెందుకొచ్చింది అంటారా? చింతగింజలు తెచ్చుకోండి. అష్టాచెమ్మాకు ఒకవైపు బండకేసి అరగదీస్తాం కదా, తెల్లగా వస్తుంది, అట్లా రెండు గింజల్ని పూర్తిగా తెల్లగా అరగదీయండి, రెండింటిని అట్లాగే వదిలేయండి. ప్రతి కుక్క దగ్గర చూపుకు సంబంధించి రెండు గింజలుంటాయనుకోండి, తల్లిచ్చింది ఒకటి, తండ్రిచ్చింది ఒకటి. రెండింట్లో ఒక్కటి నల్లదైనా చాలు, చూపు నిక్షేపంగా ఉంటుంది. రాజు దగ్గర ఒక నల్లది, ఒక తెల్లది. రాజుతో జత కట్టిన ఆడకుక్క దగ్గరా అంతే. ఇప్పుడు అమ్ము గుప్పిట్లో ఒక జత, చిన్నూ గుప్పిట్లో ఒక జత పెట్టుకొని, కళ్ళు మూసుకొని చెరొకటి తీయండి. రెండూ తెల్లవి పడితే ఆ పిల్లకు చూపు పోతుంది. తీసినవి మళ్ళీ గుప్పిట్లో వేసి ఓ నలభైసార్లు చేసి రాసుకోండి, దాదాపు నాలుగోవంతు సార్లు అట్లా పడుతుంది. ఎనిమిది పిల్లలు పుడితే లెక్కగా రెండింటికే వస్తుందని మాత్రం కాదు, ప్రతి పిల్లకూ కొత్తగా తీయడమే, ఒక ఈతలో ఒక్కదానికీ రాకపోవచ్చు, ఇంకో ఈతలో నాలిగింటికి రావచ్చు. మేం మోసపోయిందీ అక్కడే.

ఇప్పుడు దీనికి డీఎన్‌ఏ పరీక్ష ఉంది, కాస్త రక్తమో బుగ్గ లోపలి తడో పంపితే ఏ గింజలున్నాయో చెప్పేస్తారు. (2005లో శాస్త్రవేత్తలు ఒక కుక్క జన్యువులన్నీ చదివి ప్రచురించారు, అది బాక్సర్ జాతి ఆడకుక్క, పేరు టాషా. మీ సైన్స్ టీచర్‌ను అడగండి, తెలియకపోతే మీరే చెప్పండి.) ఒక తెల్లగింజ ఉన్న కుక్కను పారేయాల్సిన పని కూడా లేదు, రెండూ నల్లవే ఉన్నదానితో జత చేస్తే పుట్టిన ఏ పిల్లకూ ఈ జబ్బుతో చూపు పోదు. కానీ ఆ మాట నిజంగా చెప్పేవాడుండాలి కదా.

అమ్మూ, నీ ప్రశ్నకు జవాబు అదే. బజ్జీలాయన కిటుకు ఆయన బండి దగ్గరే ఉంటుంది. నా షెడ్డులోని రక్తం జడ్చర్లలో ఉంది, సూర్యాపేటలో ఉంది, రేపు నేను కొత్త ఆడకుక్క కొనుక్కుంటే దానితోపాటు తిరిగి నా గేటులోకే వస్తుంది. నేను దాచిపెట్టినదాన్ని నేనే డబ్బిచ్చి కొనుక్కుంటా.

అందరూ ఇట్లాగే ఉంటారని కాదులే. కొందరు ఉత్తగా బేరాల కోసమే వస్తారు. కొందరు ముద్దుగా ఉంటాయని ముప్పై రోజుల పిల్లల్నే అమ్మేస్తారు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. చెప్తే వినేవాళ్ళు వింటారు, విననివాళ్ళు వచ్చే నెల నుంచి రావడం మానేస్తారు.

దేవరకొండ వైపు నుంచి ఒక కురుమ పెద్దాయన వస్తాడు, గొర్ల మంద ఉంది ఆయనకు. జాతి కాగితాలూ అవీ అంటే నవ్వుతాడు. ఆయన కుక్కపిల్లలు కళ్ళు తెరిచి నడక నేర్వగానే గొర్రెపిల్లల దొడ్లోనే తిరుగుతాయి, అక్కడే పడుకుంటాయి. పెద్దయ్యాక ఆ కుక్క గొర్రెను తనవాళ్ళలో ఒకటనుకుంటుందట. పుస్తకాలు చెప్పేదీ అదే, మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా కుక్కపిల్ల ఏం చూస్తే, ఏం వింటే, దేన్ని తాకితే అది దానికి జీవితమంతా మామూలైపోతుంది. ఆ వయసులో చూడనిదంటే తర్వాత భయం. ఆయన్ను చూశాకే నేను షెడ్డులో పిల్లల్ని పెట్టడం మానేసి వంటింటి పక్కనే పెట్టాను. కుక్కర్ విజిల్, మిక్సీ, మీ నానమ్మ కేకలు, అన్నీ వింటున్నాయి.

మీకిస్తానన్న కుక్కపిల్లకిప్పుడు ఐదు వారాలు. పచ్చదారం. తల్లికీ తండ్రికీ పరీక్ష చేయించాను, కాగితాలు మీ నాన్నకు చూపిస్తా. వచ్చేవారం మొదటి టీకా. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను సరిగ్గా పనిచేయనివ్వదు, అదెప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది, అందుకే మూడు నాలుగు వారాలకోసారి మళ్ళీ మళ్ళీ వేయించాలి, 16 వారాలు నిండేదాకా. అది మీ బాధ్యత. 8 వారాలు నిండకముందు మాత్రం ఎంత ఏడ్చినా ఇవ్వను.

ఈలోపు రెండు పనులు చేయండి. ఒక పాత దుప్పటి ముక్క పంపండి, ఇప్పటినుంచే తల్లి పక్కన పరుస్తా, వచ్చేటప్పుడు ఆ వాసనతో సహా పిల్లతోపాటే వస్తుంది, మొదటి రాత్రి దాని మీద పడుకోబెట్టండి. రెండోది, మా ఇంట్లో లిఫ్ట్ లేదు. మీ లిఫ్ట్ తలుపు మూసుకునే చప్పుడు, ఆ టింగుమనేదీ, ఫోన్‌లో రికార్డు చేసి పంపండి. పొద్దున అవి పాలు తాగుతుంటే పక్కన కూర్చొని మెల్లగా వినిపిస్తా.

రాజు బాగున్నాడు. ఎక్కడికీ పంపడం లేదు. ఇప్పుడు నా మంచం కిందే ఉన్నాడు, చీకట్లో ఈగ వాలినా చూస్తాడు.

మీ తాత