24 రింగుల గొలుసు, చిన్న పెట్టె

మొన్న పులివెందుల దగ్గరి ఒక పల్లె బడి నుంచి నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. "సార్, రెండో తరగతిలో ఒక పిల్లోడున్నాడు. కింద కూర్చుంటే నేరుగా లేవలేడు. చేతులు నేలకానించి, నడుం పైకెత్తి, మోకాళ్లు, తొడలు పట్టుకుంటూ తన ఒంటిమీద తానే ఎగబాకినట్టు లేస్తాడు. పిక్కలు మాత్రం పహిల్వాన్ పిక్కలే. మేనరికం వల్లనే అంటున్నారు ఊళ్లో. వైరస్ ఎక్కించి నయం చేస్తారని చదివినా, నిజమేనా?"

చూడకుండా రోగం పేరు పెట్టకూడదు. కానీ అలా లేవడాన్ని డాక్టర్లు గవర్స్ గుర్తు అంటారు. డుషేన్ అనే కండరాల క్షీణతలో బాగా కనిపిస్తుంది. పిక్క లావుగా కనిపించేది బలం వల్ల కాదు, చచ్చిన కండ చోట కొవ్వు చేరడం వల్ల.

మేనరికం మాట ముందు తేల్చేద్దాం. ఈ జబ్బుకు కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. మగపిల్లోడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. కాబట్టి తండ్రి మేనబావ అయినా, పరాయివాడైనా ఒకటే. సుమారు మూడో వంతు కేసుల్లో తల్లి జన్యువులోనూ లోపం ఉండదు, బిడ్డలో కొత్తగా వస్తుంది. మేనరికం నిజంగా ముప్పు పెంచేది అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపం వస్తేనే పుట్టే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ (ఇంకో రకం కండల జబ్బు) లాంటి వాటిలో. ఈ రెండూ విడదీసి చెప్పడానికి నాకు ఏటా ఒక పీరియడ్ పట్టేది. అయినా తాయెత్తుకు ఇచ్చినంత చెవి, జన్యువులు పిల్లలకు ఎలా వస్తాయో గీసి చూపే పన్నెట్ గడికి ఎవరిస్తారు?

ఇక అసలు సంగతి. నల్లరేగడిలో దిగబడ్డ ట్రాలీని ట్రాక్టర్‌తో లాగే గొలుసును తలుచుకోండి. మన కండ కణంలో ఆ గొలుసు డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్. డుషేన్‌లో లేనిది ఇదే. ఒక కొస కొక్కెం లోపలి యాక్టిన్ అనే ప్రొటీన్ పోగులకు, రెండో కొస కణం పైపొరలోని ప్రొటీన్లకు తగులుకుని ఉంటుంది. మధ్యలో స్ప్రింగుల్లాంటి 24 రింగులు. ఇది లేకపోతే కండ బిగిసిన ప్రతిసారీ పైపొర చిరుగుతుంది, కాల్షియం లోపలికి దూరుతుంది, కణం చస్తుంది.

వైరస్ ఎక్కించడమంటే, ఈ గొలుసు చేసే జన్యు సూచనను వైరస్‌లో పెట్టి కండల్లోకి పంపడం. ఆ సూచన 11,000 డీఎన్ఏ అక్షరాలు. మోసుకెళ్లాల్సిన ఏఏవీ (అడినో అసోసియేటెడ్ వైరస్) పెట్టెలో పట్టేది 4,700. 1965లో వేరే వైరస్ నమూనాల్లో కలిసిపోయి దొరికిన బుల్లి వైరస్ ఇది. మనుషుల్లో దీనివల్ల జబ్బు వచ్చినట్టు తెలీదు.

ఇక్కడే షియావ్ షియావ్ వస్తాడు. ఏఏవీని 1982లో క్లోన్ చేసిన జూడ్ సముల్‌స్కీ దగ్గర చదువుకున్న వైరాలజిస్టు. ఈ వైరస్ ఎలుక కండలోకి తీసుకెళ్లిన జన్యువు ఏడాదికి పైగా పనిచేస్తుందని 1996లో చూపించాడు. తర్వాత గొలుసు మీద పడ్డాడు. దారి చూపింది ఒక మనిషి: డిస్ట్రోఫిన్‌లో 46 శాతం ఎగిరిపోయినా 61 ఏళ్ల వయసులో నడుస్తున్నాడని 1990లో బ్రిటన్ జన్యు శాస్త్రవేత్త కే డేవిస్ బృందం రాసింది. అంటే కొక్కేలు ఉంటే చాలు, నడిమి రింగులు కొన్ని తీసేయొచ్చు! షియావ్ బృందం రింగులు కోసి కోసి, 4,200 అక్షరాల లోపు మినీ గొలుసులు చేసింది. ఒకదానిలో అయిదే రింగులు. 2000లో జబ్బు ఎలుకల కండలు వాటితో మెరుగుపడ్డాయి.

గొలుసు పోలిక ఇక్కడే నన్ను మోసం చేసింది. తీసేసినవన్నీ ఒట్టి రింగులే అనుకున్నా. కాదట. 16, 17 రింగులకు ఇంకో పని కూడా ఉంది. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమును పైపొర దగ్గర పట్టి ఉంచేది అవే. కండ పనిచేసేటప్పుడు దానికి రక్తం సరిగ్గా అందాలంటే అది కావాలి. షియావ్ అయిదు రింగుల్లో అవి లేవు. ఏ రింగులు ఉంచాలన్నది ల్యాబుకో లెక్క.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి టెన్షన్ ఎక్కువ. 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఇలాంటి మినీ గొలుసు మందు మోతాదు కిలో బరువుకు 133 లక్షల కోట్ల వైరస్ కణాలు. లివర్ మీద భారం. ఒకసారి ఎక్కిస్తే ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి, రెండోసారి వైరస్‌ను కండల్లోకి చేరనివ్వవు. ఇదే దారిలో వచ్చిన ఇంకో మందు 2024లో మూడో దశ పరీక్షలో లక్ష్యం అందుకోలేదు.

నా విద్యార్థికి ఇంత చెప్పలేదు. చిరిగిన కండల్లోంచి రక్తంలోకి కారే సీకే అనే ఎంజైముకు పరీక్ష ఉందని, ముందు అది రాయించుకోమని పిల్లల డాక్టర్‌ని అడగమన్నాను. సోమవారం పిల్లోడి అమ్మతో పాటు కడపకు పోతామన్నాడు. "వాళ్లమ్మకు ఆ ఎక్స్ సంగతి కాస్త మెల్లగా చెప్పు నాయనా" అన్నాను.