తల్లి చేపకు ఒక్క సూది చాలు

భీమవరం, ఆకివీడు చెరువుల్లో బొచ్చె, శీలావతి ఎంత బలిసినా వాటంతట అవి గుడ్లు పెట్టవు. వానాకాలపు ఏటి పారుదల చెరువులో ఉండదు మరి. 1957లో ఒడిశాలో మత్స్యశాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఈ ముడి విప్పారు. మరో చేప మెదడు అడుగున హార్మోన్లు తయారుచేసే పీయూషగ్రంథిని నూరి, ఆ రసాన్ని తల్లి చేపకు ఎక్కించి గుడ్లు పెట్టించారు.

ఆ పద్ధతి చేపల ప్రాణాలమీద నడిచేది. గుడ్డుకొచ్చిన చేప తల చీల్చి, మెదడు అడుగునున్న గ్రంథిని చిదమకుండా తీసి, వెంటనే ఆల్కహాల్‌లో వేయాలి. ఆలస్యమైతే ఎండకు హార్మోను చెడిపోతుంది, సూది వేసినా గుడ్లు రావు. తల్లి చేపకు మొదట కిలోకు 2-3 మి.గ్రా., 6 గంటలకు మళ్లీ 5-8 మి.గ్రా. ఇవ్వాలి. అంటే 4 కిలోల చేపకు 28 నుంచి 44 మి.గ్రా. గ్రంథి తూగేది కొన్ని మిల్లీగ్రాములే కాబట్టి ఒక తల్లికి ఎన్ని తలలో లెక్కేసుకోండి. బజారులో అమ్ముడైన చేపల తలలూ వాడేవారు, అది కొంత నయం.

ప్రయోగాల్లో జంతువులకు బదులు వెతకాలి, సంఖ్య తగ్గించాలి, బాధ తగ్గించాలి అని శాస్త్రవేత్తలు రస్సెల్, బర్చ్ రాసింది 1959లో. ‘బదులు’కు మన హేచరీల్లోనే, అంటే పిల్లల్ని పుట్టించే కేంద్రాల్లోనే, మంచి ఉదాహరణ ఓవాప్రిమ్: కృత్రిమ హార్మోను, దానికి అడ్డు తొలగించే డోంపెరిడోన్ కలిసిన మందు. ఆడ శీలావతికి కిలోకు 0.3-0.4 మి.లీ., ఒక్కసారే. గ్రంథి కోసం ఏ చేపా చావనక్కర్లేదు, తల్లిని రెండోసారి వలలో పట్టే పనీ లేదు. ఈ రెండోదే అసలు లాభమని నా లెక్క. బొచ్చె సుకుమారం, వలలో ఎక్కువసేపు కొట్టుకుంటే పొలుసులూడి, బూజు పట్టి చస్తుంది. అందుకే సాయంత్రం చల్లబడ్డాక, తడిగుడ్డలో కళ్లు కప్పి, పొలుసు కింద ఏటవాలుగా సూది వేయాలి.

రొయ్యల దగ్గర మాత్రం ఇంకా వెనకబడే ఉన్నాం. గుడ్లు రాకుండా ఆపే హార్మోను కంటికాడలో ఉంటుంది. అందుకని తల్లి రొయ్యకు ఒక కంటికాడ నొక్కేస్తారు, లేదా తెంపేస్తారు. రొయ్యకు నొప్పేమిటని కొట్టిపారేయలేం. ఎల్వుడ్ అనే శాస్త్రవేత్త బృందం రొయ్యల మీసాలకు ఆమ్లం రాస్తే, అవి అక్కడే పదే పదే తుడుచుకున్నాయి. ముందే మత్తుమందు పూస్తే ఆ తుడుపు తగ్గింది. కాడ తెంపని తల్లుల పిల్లలు రోగాన్ని మెరుగ్గా తట్టుకున్నట్టు స్టిర్లింగ్ విశ్వవిద్యాలయ పరిశోధనల్లో తేలింది. కాకపోతే ఆ తల్లులు గుడ్లకు తరచుగా రావు. ఆ లోటు పూడ్చాలంటే తల్లుల్ని ఎక్కువ పెట్టుకుని, వాటికి మేత బాగా పెట్టాలి, ఖర్చు హేచరీదే.