వేట హక్కు ఎవరిది? బ్రిటన్ నక్కల గొడవ వెనుక కథ

2005 ఫిబ్రవరి 18న ఇంగ్లండ్, వేల్స్‌లలో కుక్కలతో నక్కలను వేటాడటం నేరమైంది. మర్నాడు శనివారం. ఆ పొద్దున రెండు వందలకు పైగా వేట బృందాలు ఎప్పటిలాగే బయల్దేరాయి. అవే ఎర్రకోట్లు, అవే గుర్రాలు, అవే వేటకుక్కలు, అదే బూర. చూడటానికి వచ్చిన జనం మాత్రం మామూలుకంటే ఎక్కువ. ఇరవై ఏళ్లు గడిచినా క్రిస్మస్ మర్నాడు పల్లెటూళ్ల నడివీధుల్లో ఆ గుర్రాలు బారులు తీరుతూనే ఉన్నాయి. ఈ నిషేధం కోసం పార్లమెంటు 700 గంటలకు పైగా వాదించుకుందని అక్కడ తరచూ చెప్పే లెక్క. అన్ని గంటలు మాట్లాడి చేసిన చట్టం ఇంత వదులుగా ఎందుకు మిగిలింది?

దూరం నుంచి చూసేవాళ్లకు ఇది జంతుప్రేమికులకూ వేటగాళ్లకూ మధ్య తగాదా. అది నిజమే, కానీ సగం నిజం. బ్రిటన్‌లో వేట మీద వచ్చిన చట్టాలను వరసగా చదువుకుంటూ వస్తే, వందల ఏళ్లపాటు వాటిలో కనిపించేది భూమి. ఏ నేల మీద ఎవరు వేటాడవచ్చు, ఎవరు కూడదు అన్నదే వాటి గొడవంతా. వేటాడబడే ప్రాణికి నొప్పి ఉంటుందన్న సంగతి చట్టం దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక కూడా ఆ పాత పంచాయితీని పక్కకు నెట్టలేదు, దాని పక్కనే కూర్చుంది.

మొదలు నార్మన్ల కాలంలో ఉంది. 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం, 1079 ప్రాంతంలో దక్షిణాన న్యూ ఫారెస్ట్‌ను తన వేటభూమిగా ప్రకటించాడు. ఫారెస్ట్ అనగానే ఇప్పుడు చెట్లు గుర్తొస్తాయి గానీ, అప్పట్లో అది చట్టంలోని మాట. రాజు వేట కోసం కేటాయించిన, ప్రత్యేక శాసనాలు నడిచే ప్రాంతం అని అర్థం. లోపల ఊళ్లున్నా, పొలాలున్నా అది ఫారెస్టే. అక్కడ జింక జోలికి వెళ్లిన మనిషికి కఠిన శిక్షలుండేవి. (ఆ విలియం కొడుకు, తర్వాత రాజైన విలియం రూఫస్, 1100లో అదే న్యూ ఫారెస్ట్‌లో వేటాడుతూ బాణం తగిలి చచ్చిపోయాడు. ప్రమాదమా హత్యా అన్నది నేటికీ తేలలేదు.) రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 నాటి మాగ్నా కార్టా గురించి అందరికీ తెలుసు. దాని వెనకే రెండేళ్లకు, 1217లో, ఫారెస్ట్ చార్టర్ వచ్చింది. రాజు జింకను చంపిన నేరానికి ఇకపై ఎవరి ప్రాణమూ, ఎవరి అవయవమూ తీయకూడదని అందులో రాశారు. అంత రాయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం జరుగుతుండేదో ఊహించుకోవచ్చు.

రాజు పట్టు సడలిన కొద్దీ ఆ హక్కు భూస్వాముల చేతికి మారింది. 1671లో వచ్చిన గేమ్ చట్టం దాన్ని అంకెల్లో చెప్పింది. (గేమ్ అంటే వేటకు తగినవని చట్టం లెక్కగట్టిన జంతువులు, పక్షులు.) కుందేలునో కౌజుపిట్టనో వేటాడాలంటే ఏడాదికి 100 పౌండ్ల రాబడి ఉన్న సొంత భూమి ఉండాలి. కౌలు భూమైతే 150 పౌండ్లు. అప్పట్లో పార్లమెంటు సభ్యుడికి ఓటు వేయడానికి కౌంటీల్లో 40 షిల్లింగుల, అంటే 2 పౌండ్ల, రాబడి చాలు. అంటే ఓటుకు కావలసిన ఆస్తికి యాభై రెట్లుంటే తప్ప పిట్టను కొట్టే అర్హత లేదు. ఈ లెక్క వేసి ఎత్తిపొడిచింది ఏ విప్లవకారుడో కాదు, పద్దెనిమిదో శతాబ్దపు న్యాయపండితుడు విలియం బ్లాక్‌స్టోన్. తన పొలంలో తన పైరు మేస్తున్న కుందేలును కూడా చిన్న రైతు ముట్టుకోకూడదు. 1723లో వచ్చిన బ్లాక్ చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ముఖానికి మసి పూసుకుని జింకల దొంగవేటకు వచ్చినవాళ్లకు మరణశిక్ష. చెట్టూపుట్టల మాటున తీగ తగిలితే పేలే తుపాకులు, కాళ్లను పట్టేసే ఇనుప బోనులు పెట్టుకునేవారు భూస్వాములు. ఆ తుపాకులను 1827లో గానీ నిషేధించలేదు. 1831 చట్టంతో ఆస్తి అర్హత పోయి, రుసుము కట్టి లైసెన్సు తీసుకుంటే ఎవరైనా వేటాడవచ్చు అన్నారు. అయితే ఎవరి నేల మీద? అక్కడే ముడి మిగిలిపోయింది. కౌలురైతు తన పంట తినే కుందేళ్లను తానే చంపుకునే హక్కు 1880 దాకా ఆగాల్సి వచ్చింది.

మరి నక్క సంగతేమిటి? ఇదంతా నడుస్తున్నంత కాలం నక్క ఈ లెక్కల్లోనే లేదు. అది 'గేమ్' కాదు, చీడ. 1566 నాటి చట్టం కింద నక్క తల తెచ్చిచ్చిన వాడికి చర్చి పెద్దలు 12 పెన్నీలు ఇచ్చేవారు. దొరలు వేటాడింది జింకను. అడవులు తరిగి జింకలు తగ్గాక వాళ్ల చూపు నక్క మీద పడింది. లెస్టర్‌షైర్‌లో హ్యూగో మేనెల్ అనే భూస్వామి 1753 నుంచి దాదాపు యాభై ఏళ్లు క్వోర్న్ అనే వేట బృందాన్ని నడిపాడు. వాసన పట్టడమే కాక వేగంగా పరుగెత్తే కుక్కలను పెంచాడు. అదే కాలంలో ఉమ్మడి పొలాలకు కంచెలు పడుతున్నాయి, కొత్తగా వేసిన గడ్డి మైదానాలు విస్తరిస్తున్నాయి. గుర్రం మీద కంచెలు దూకుతూ పరుగు తీయడం ఒక ఆటైంది.

ఇక్కడే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే మలుపు వచ్చింది. తల తెస్తే డబ్బులిచ్చిన ప్రాణినే కాపాడటం మొదలుపెట్టారు. వేట ప్రాంతాల్లో నక్కను తుపాకీతో కాల్చడం మర్యాద తప్పిన పనైంది. నక్కలు దాక్కోవడానికి ప్రత్యేకంగా పొదలు నాటించారు, బొరియలు కట్టించారు. కోళ్లు పోయిన రైతులకు పరిహారం ఇవ్వడానికి వేట బృందాలు నిధులు పెట్టుకున్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో నక్కలు చాలకపోతే యూరప్ నుంచి ఓడల్లో తెప్పించి లండన్‌లోని లెడెన్‌హాల్ మార్కెట్‌లో అమ్మారు. ఇరవయ్యో శతాబ్దం చివర్లో వేట సమర్థకులు ముందుకు తెచ్చిన ప్రధాన వాదన 'మేం లేకపోతే నక్కలు పెరిగిపోతాయి' అన్నది. ఈ చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట విని నవ్వుకున్నారంటే తప్పు పట్టలేం. అలాగని ఆ వాదన పూర్తిగా డొల్ల కూడా కాదు. వేల్స్ కొండల్లో గొర్రెపిల్లలను పోగొట్టుకునే రైతుకు నక్క నిజంగానే బెడద. కాకపోతే ఆ రైతు అవసరమూ, లెస్టర్‌షైర్ గుర్రపు స్వారీల సరదా ఒకే పేరు కింద చెలామణీ అయ్యాయి.

జంతువుల పట్ల దయ అనే ఆలోచన కూడా వర్గాన్ని దాటుకుని రాలేదు. పశువులను హింసించడం మీద మొదటి చట్టం 1822లో, దాన్ని అమలు చేయించడానికి ఆర్‌ఎస్‌పీసీఏగా తర్వాత పేరు పొందిన జంతుహింస నివారణ సంఘం 1824లో వచ్చాయి. 1835లో కోడిపందేలు, ఎలుగుబంటి మీదకు కుక్కలను ఉసిగొల్పే ఆటలు నిషేధించారు. అవన్నీ పేదలు మూగే ఆటలు. దొరల నక్కవేటను ఎవరూ తాకలేదు. ఇలాంటి సంస్కరణల సంఘాన్ని చూసే అంతకుముందే, 1809లో, సిడ్నీ స్మిత్ అనే మతాచార్యుడు వెక్కిరించాడు: ఏడాదికి 500 పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాళ్ల దుర్గుణాలను అణచే సంఘమని పేరు పెట్టుకోండి అని. 1911లో సమగ్రమైన జంతు సంరక్షణ చట్టం చేసినప్పుడు కూడా అడవి జంతువుల వేటను దాని బయటే ఉంచారు. వేటను వ్యతిరేకించే లీగ్ అగైనెస్ట్ క్రుయెల్ స్పోర్ట్స్ 1924లో పుట్టింది. దానికి పోటీగా వేటగాళ్ల సంఘం 1930లో ఏర్పడింది. 1949లో లేబర్ ప్రభుత్వ హయాంలో నిషేధ బిల్లులు సభకు వచ్చి వీగిపోయాయి. అప్పుడు వేసిన విచారణ కమిటీ 1951లో నక్కవేటలో తప్పేమీ లేదన్నట్టే తేల్చింది. 1963 నుంచి కుక్కల దారి తప్పించే కుర్రాళ్లు పొలాల్లోకి దిగారు. హంట్ సాబొటర్లు అంటారు వాళ్లను.

ఇంతలో కొండల మీద ఇంకో తగాదా పెరిగింది. నక్క చుట్టూ ఉన్నంత హడావిడి లేదు గానీ, నా దృష్టిలో పల్లెల భవిష్యత్తుకు అసలైన తగాదా ఇదే. రైళ్లు, వేగంగా తూటాలు మార్చుకునే తుపాకులు వచ్చాక ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్ కొండలు గ్రౌస్ అనే పక్షి వేటకు ఎస్టేట్లయ్యాయి. ఏటా ఆగస్టు 12న సీజన్ మొదలు. వరసగా నిలబడిన మనుషులు పక్షులను అదిలిస్తూ తుపాకుల వైపు తోలుతారు. గ్రౌస్ హెదర్ అనే పొద లేత చిగుళ్లు తిని బతుకుతుంది కాబట్టి ఆ పొదలను ముక్కలు ముక్కలుగా తగలబెట్టి చిగురింపజేస్తారు. వేట పక్షులను కాపాడే ఎస్టేటు కాపలాదారులు, అంటే గేమ్‌కీపర్లు, నక్కలను, కాకులను చంపుతారు. మామూలు మనిషికి ఆ కొండల మీద అడుగు పెట్టే వీలు ఉండేది కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ వైపు నుంచి వచ్చిన కార్మిక యువకులు కొన్ని వందల మంది కిండర్ స్కౌట్ అనే గ్రౌస్ కొండను కావాలనే ఎక్కేశారు. గేమ్‌కీపర్లతో తోపులాట జరిగింది, ఐదుగురు జైలుకెళ్లారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం, 2000లో కొండల మీద స్వేచ్ఛగా నడిచే హక్కు వచ్చాయంటే దాని వెనుక ఆ రోజుకు పెద్ద పాత్రే ఉంది.

1997లో టోనీ బ్లెయిర్ నాయకత్వంలో లేబర్ పార్టీ భారీ మెజారిటీతో గెలవగానే నక్క మళ్లీ సభలోకి వచ్చింది. మైఖేల్ ఫాస్టర్ అనే సభ్యుడి బిల్లుకు అనుకూలంగా 411, వ్యతిరేకంగా 151 ఓట్లు. అయినా ప్రభుత్వం సమయం కేటాయించకపోవడంతో అది నీరుగారిపోయింది. నిషేధాన్ని వ్యతిరేకించేవాళ్లు కంట్రీసైడ్ అలయన్స్‌గా ఒక్కటయ్యారు. 2000లో ప్రభుత్వం వేసిన లార్డ్ బర్న్స్ కమిటీ నివేదిక ఇచ్చింది. వేట బృందాలు ఏటా 21,000 నుంచి 25,000 దాకా నక్కలను చంపుతున్నాయని, ఈ వేట మీద 6,000 నుంచి 8,000 ఉద్యోగాలు ఆధారపడ్డాయని లెక్క కట్టింది. కుక్కలతో తరిమి చంపడం నక్క సంక్షేమాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని చెప్పింది, క్రూరత్వం అనే మాట మాత్రం వాడలేదు. దాంతో గెలిచింది మేమేనని రెండు పక్షాలూ చెప్పుకున్నాయి.

మరుసటి ఏడాది అనుకోకుండా ఒక పరీక్ష జరిగిపోయింది. 2001లో గాలికుంటు వ్యాధి పశువులను చుట్టేసింది. 60 లక్షలకు పైగా పశువులను చంపేశారు. వ్యాధి పాకకుండా వేటను దాదాపు ఏడాదంతా ఆపారు. ఆ విరామంలో నక్కల సంఖ్య చెప్పుకోదగ్గంత పెరగలేదని పరిశోధకులు తేల్చారు. అయితే అప్పటికి పల్లెల్లో కోపం నక్క దగ్గర ఆగలేదు. పశువులు పోయాయి, పాల ధరలు పడిపోయాయి, ఊళ్లో బడి, పోస్టాఫీసు మూతపడుతున్నాయి. ఇన్ని కష్టాల మధ్య పట్నపు పార్లమెంటు నక్క గురించి మాట్లాడుతోందన్న కసి. 2002 సెప్టెంబర్ 22న లండన్ వీధుల్లో నాలుగు లక్షల మందికి పైగా నడిచారు. 'స్వేచ్ఛ, జీవనోపాధి' అన్నది వాళ్ల నినాదం. అందులో నక్క పేరు లేదు.

ప్రభుత్వం మధ్యేమార్గం వెతికింది. అవసరం ఎంత, బాధ ఎంత అని తూచి లైసెన్సులిచ్చే బిల్లును 2002 డిసెంబర్‌లో పెట్టింది. ఇది నాకు ఇప్పటికీ తెలివైన ప్రయత్నంగానే తోస్తుంది. వేల్స్ కొండల రైతునూ లెస్టర్‌షైర్ సరదానూ విడదీసి చూడగలిగింది అదొక్కటే. కానీ రెండు వైపుల వాళ్లకూ అది రుచించలేదు. 2003లో సొంత పార్టీ సభ్యులే దాన్ని సంపూర్ణ నిషేధంగా మార్చేశారు. 1980లలో కన్జర్వేటివ్ ప్రభుత్వం గని కార్మికుల సమ్మెను అణచినదానికి ఇది బదులని కొందరు లేబర్ సభ్యులు బాహాటంగానే అనేవారు. ఎగువ సభ అయిన లార్డ్స్ అడ్డుకుంది. 2004 సెప్టెంబర్ 15న ఐదుగురు నిరసనకారులు దిగువ సభ అయిన కామన్స్‌లోకే దూసుకొచ్చారు. నవంబర్ 18న లార్డ్స్ ఆమోదం లేకుండానే పార్లమెంట్ చట్టాల కింద బిల్లును గట్టెక్కించారు. 1949లో సవరించాక ఆ అధికారాన్ని వాడటం అది నాలుగోసారి. మొదటిసారి వాడింది యుద్ధ నేరస్తుల విచారణకు! బ్లెయిర్ తర్వాత రోజుల్లో ఈ నిషేధం విషయంలో పశ్చాత్తాపపడ్డానని రాసుకున్నాడు.

ఆఖరికి చేతికొచ్చిన చట్టంలో మినహాయింపులు చాలానే ఉన్నాయి. రెండు కుక్కలతో నక్కను పొద నుంచి బయటికి తోలి కాల్చవచ్చు. ఎలుకల వేట, రాబిట్ అనే చిన్న కుందేళ్ల వేట కొన్ని షరతులతో చేసుకోవచ్చు. వేట బృందాలు మాత్రం ట్రెయిల్ హంటింగ్ అనే దారి పట్టాయి. ముందుగా నేల మీద ఒక వాసనను ఈడ్చుకుంటూ వెళ్తారు, కుక్కలు దాన్ని పట్టుకుని పోతాయి. మధ్యలో నిజం నక్క తగిలితే? అది 'ప్రమాదం'. నేరం రుజువు కావాలంటే ఉద్దేశం రుజువు చేయాలి. మినహాయింపులను ఇంకా విస్తరించాలని 2015లో కన్జర్వేటివ్ ప్రభుత్వం చూసింది, స్కాటిష్ నేషనల్ పార్టీ అడ్డం తిరగడంతో వెనక్కి తగ్గింది. 2021లో చారిత్రక స్థలాలను, ప్రకృతిని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ తన భూముల్లో ట్రెయిల్ హంటింగ్‌ను ఆపేసింది. 2024 ఎన్నికల్లో లేబర్ పార్టీ దాన్నీ నిషేధిస్తామని ప్రణాళికలో రాసింది. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం నక్కవేటకు అడ్డే లేదు. 2021లో అక్కడ పెట్టిన బిల్లు ఓడిపోయింది.

ఇంత సమయం నక్కకు పోతుంటే మిగతా జంతువుల సంగతి సైన్సుకూ రాజకీయానికీ మధ్య నలిగింది. పశువులకు టీబీ బ్యాడ్జర్లనే, బొరియల్లో ఉండే అడవి జంతువుల వల్ల వస్తోందన్న అనుమానం 1971లో గ్లోస్టర్‌షైర్‌లో మొదలైంది. 1998 నుంచి దాదాపు 11,000 బ్యాడ్జర్లను చంపి ప్రయోగం చేశారు. చంపడం వల్ల పెద్ద ఫలితం ఉండదని 2007లో నిపుణుల బృందం చెప్పింది. 2013లో మరో ప్రభుత్వం చంపడం మొదలుపెట్టింది. అనుకున్నన్ని దొరకకపోయేసరికి అప్పటి మంత్రి ఓవెన్ ప్యాటర్సన్, బ్యాడ్జర్లే గోల్‌పోస్టులు జరిపేశాయని, అంటే ఆట మధ్యలో నియమాలు మార్చేశాయని, టీవీలో అన్నాడు. అలా రెండు లక్షలకు పైగా చచ్చాయి.

గ్రౌస్ కొండల్లో హెన్ హ్యారియర్ అనే డేగది ఇంకో కథ. అది గ్రౌస్ పిల్లలను తింటుంది. దాన్ని చంపడం దశాబ్దాలుగా నేరం. అయినా శాటిలైట్ ట్యాగులు కట్టిన 58 డేగలను వెంబడించిన ఒక అధ్యయనం, వాటిలో 72 శాతాన్ని అక్రమంగా చంపేశారనో, చంపేసి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనో 2019లో తేల్చింది. ఎవరు చంపారో కోర్టులో నిరూపించడం దాదాపు అసాధ్యం. చుట్టూ మైళ్ల కొద్దీ నిర్మానుష్యమైన కొండ, అదీ ఒకరి సొంత ఎస్టేటు.

స్కాట్లండ్ వేరే దారి పట్టింది. 2002లోనే చేసిన నక్కవేట నిషేధాన్ని 2023లో బిగించి, ట్రెయిల్ హంటింగ్‌నూ అందులో చేర్చింది. 2024లో గ్రౌస్ వేటకు లైసెన్సు పెట్టింది. ఆ నేల మీద డేగలను చంపారని అధికార సంస్థకు నమ్మకం కుదిరితే చాలు, కోర్టులో ఎవరికీ శిక్ష పడకపోయినా ఆ లైసెన్సును రద్దు చేయవచ్చు. ఒకప్పుడు తన పొలంలో కుందేలును కొట్టడానికి రైతుకు అనుమతి లేదు. ఇప్పుడు వేల ఎకరాల ఎస్టేటు యజమాని తన సొంత కొండ మీద గ్రౌస్‌ను కాల్చడానికి దరఖాస్తు పెట్టుకోవాలి.